గిటారుకీ ఉంది చాదస్తం!

"రోట్లో నూరిన పచ్చడి రుచి మిక్సీకి ఎక్కడొస్తుందమ్మా!" ఈ మాట వినపడని ఇల్లు తెలుగునాట ఉంటుందా? ఆ మాట అన్న నోటితోనే "కాస్త ఆ మిక్సీ వెయ్యి" అని కూడా అంటాం. అది వేరే సంగతి. పాతది వదల్లేక, కొత్తది కాదనలేక నలిగిపోవడం మన వంటింటికే పరిమితం అనుకుంటే పొరపాటే. జులపాల జుట్టుతో, చిరుగుల జీన్సుతో, చెవులు చిల్లులు పడే మోతతో స్టేజీ మీద చిందులేసే గిటారిస్టులున్నారే... వాళ్లకీ ఉంది ఈ చాదస్తం. మన అమ్మమ్మల కంటే ఓ పిసరు ఎక్కువే ఉంది!

నమ్మకం కుదరడం లేదా? అయితే ఈ లెక్క చూడండి. ప్రపంచంలో ఏ మూల మ్యూజిక్ షాపుకు వెళ్లినా గోడ మీద వేలాడే ఎలక్ట్రిక్ గిటార్లలో ఎక్కువ భాగం నాలుగైదు నమూనాలే. టెలికాస్టర్... 1950లో పుట్టింది. ప్రెసిషన్ బేస్... 1951. లెస్ పాల్... 1952. స్ట్రాటోకాస్టర్... 1954. ఆ తర్వాత వచ్చినవి చాలా వరకు వీటికి నకళ్లు, లేదా వీటి పిల్లలు.

ఈ డెబ్బై ఏళ్లలో మన ఇళ్లల్లో మారనిదేముంది చెప్పండి? కట్టెల పొయ్యి పోయి కిరసనాయిలు స్టవ్వొచ్చింది. అదీ పోయి గ్యాసొచ్చింది. వాల్వు రేడియో, ట్రాన్సిస్టర్, టేప్ రికార్డర్, సీడీ, సెల్‌ఫోన్... ఒకదాని వెనుక ఒకటి వచ్చాయి, కొన్ని వెళ్లిపోయాయి కూడా. గిటారిస్టు మాత్రం, "స్విచ్ వేశాక వేడెక్కడానికి నిమిషం పట్టినా సరే, నాకు వాల్వులున్న ఆంప్లిఫయరే కావాలి" అంటాడు. తాతల నాటి రేడియోలో ఉండేదే ఆ వాల్వు. దానికోసం ఎక్కువ డబ్బిచ్చి మరీ కొంటాడు.

ఇది చాదస్తమా, అనుభవమా? సరదాగా అనిపించే ఈ ప్రశ్న వెనుక మన ఆడపిల్లల చేతులూ, భుజాలూ ఉన్నాయి. మన అడవుల్లోని చెట్లున్నాయి. అందుకే ఈ కథ మనకూ కావాలి.

తెడ్డు అన్నారు, పార అన్నారు

ఇప్పుడు సంప్రదాయం అని నెత్తిన పెట్టుకుంటున్న ఈ గిటార్లు పుట్టినప్పుడు వాటికి జరిగిన మర్యాద వింటే నవ్వొస్తుంది.

అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రంలో ఫుల్లర్టన్ అనే ఊరుంది. అక్కడ లియో ఫెండర్ అనే ఆయన 1938లో రేడియో రిపేరు దుకాణం పెట్టుకున్నాడు. ఆయనకు గిటార్ వాయించడం రాదు! కానీ వాయించేవాళ్ల కష్టాలు వినడం వచ్చు. ఆ రోజుల్లో గిటార్లన్నీ లోపల డొల్లగా, పెద్ద పొట్టతో ఉండేవి. వాటికి మైకు కలిపి సౌండు పెంచితే స్పీకరులోంచి వచ్చిన శబ్దం తిరిగి ఆ పొట్టనే కదిలించేది. అది మళ్లీ స్పీకరులోకి వెళ్లి 'కుయ్...' మని చెవులు కోసే కూత వచ్చేది. పెళ్లిమండపంలో మైకు గోల మనకు తెలిసిందేగా! పొట్టే లేకుండా, ఓ మందపాటి చెక్క పలక మీద తీగలు బిగిస్తే ఆ గొడవే ఉండదు కదా అనుకున్నాడాయన. మెడను నాలుగు మరలతో బిగించాడు. పాడైతే విప్పి మార్చుకోవచ్చు, మనం ప్రెషర్ కుక్కర్ పిడి మార్చుకున్నట్టు.

ఇంకేం! పోటీ కంపెనీలవాళ్లు పగలబడి నవ్వారు. అదేమన్నా గిటారా, పడవ తెడ్డా అన్నారు. మంచు ఎత్తే పార అన్నారు. వడ్రంగి చేతుల్లో తరతరాలుగా నేర్పుతో పుట్టిన వాయిద్యాన్ని రేడియో మెకానిక్కు చెక్క పలక చేసేశాడని వెక్కిరించారు. ఆ తెడ్డే ఈనాటి టెలికాస్టర్!

ఇందులో అసలు చమత్కారం ఇంకొకటి ఉంది. ఫెండర్ 1965లో తన కంపెనీని సీబీఎస్ సంస్థకు అమ్మేశాడు. ఆ తర్వాత మరో రెండు కంపెనీలతో కలిసి 1991లో చనిపోయే వరకు గిటార్లను మెరుగుపరుస్తూనే ఉన్నాడు. చివరి రోజుల్లో చేసినవే తన జీవితంలో అన్నిటికంటే మంచివని ఆయన నమ్మకం. సంగీతకారులు వింటేనా? "అబ్బే, మాకు నువ్వు పాతరోజుల్లో చేసినవే కావాలి" అన్నారు. 1965కు ముందువైతే లక్షలు పోసి కొంటున్నారు ఇప్పటికీ. కనిపెట్టినవాడే ముందుకు వెళ్లిపోయాడు, వాయించేవాళ్లు వెనకే నిలబడ్డారు!

జనం కళ్లతో వింటారు

లెస్ పాల్ అనే గిటారిస్టుది మరో కథ. ఆయన 1940 ప్రాంతంలో ఓ నాలుగంగుళాల చదరపు దుంగకు తీగలు, పికప్‌లు బిగించి గిటార్ తయారుచేశాడు. పికప్ అంటే మరేం లేదు, అయస్కాంతం చుట్టూ వెంట్రుకంత సన్నటి రాగితీగ వేల చుట్లు చుడతారు. పైన ఉక్కు తీగ కదిలితే కింద కరెంటు పుడుతుంది. అదే మనకు పాటగా వినిపిస్తుంది.

ఆ దుంగతో వాయిస్తే జనం పెద్దగా పట్టించుకోలేదట. ఆయనకో ఉపాయం తట్టింది. మామూలు గిటారును నిలువునా కోసి, ఆ రెండు ముక్కల్నీ దుంగకు అటూ ఇటూ రెక్కల్లా అతికించాడు. వాటివల్ల శబ్దంలో ప్రయోజనం ఏమీ లేదు. చూడ్డానికి గిటారులా ఉంటుంది, అంతే. ఈసారి జనం చప్పట్లు కొట్టారు! మనుషులు చెవులతో కాదు, కళ్లతో వింటారని ఆయన తర్వాత ఎన్నోసార్లు ఈ సంగతి చెప్పుకున్నాడు.

గిబ్సన్ కంపెనీవాళ్లు కూడా మొదట ఆ దుంగను చూసి నవ్వి పంపేశారు. ఫెండర్ 'తెడ్లు' అమ్ముడుపోవడం చూశాక పరుగున వచ్చి, 1952లో ఆయన పేరుతోనే గిటార్ విడుదల చేశారు. అప్పటికే లెస్ పాల్, ఆయన భార్య మేరీ ఫోర్డ్ జంట అమెరికాలో ఇంటింటికీ తెలుసు. 1951లో వాళ్లు పాడి వాయించిన 'హౌ హై ద మూన్' తొమ్మిది వారాలు మొదటి స్థానంలో ఉంది. మేరీ కూడా మంచి గిటారిస్టే. అయినా గిటార్ మీద పేరు మాత్రం ఆయనదే! ఏ ఇంట చూసినా ఏమున్నది అంటారా? అదే మరి.

ఆ లెస్ పాల్ గిటార్ కూడా కొన్నేళ్లకే సరిగా అమ్ముడుపోక 1960 దాటాక ఆ ఆకారం ఆపేశారు. తర్వాత ఇంగ్లండులో ఎరిక్ క్లాప్టన్ లాంటి కుర్రాళ్లు పాత గిటార్లు కొని వాయిస్తే మళ్లీ మోజు పెరిగింది. 1968లో కంపెనీ తిరిగి మొదలుపెట్టింది. 1958లో వచ్చిన బాణంముక్కు 'ఫ్లయింగ్ వి' పరిస్థితి మరీ ఘోరం. మొదటి రెండేళ్లలో ఓ వంద గిటార్లయినా అమ్ముడుపోలేదు. ఆనాడు కొనే దిక్కులేనివే ఈనాడు కోట్లకు దగ్గరగా పలుకుతున్నాయి.

దీన్నిబట్టి తెలిసేదేమిటి? సంప్రదాయం అంటే చాలాసార్లు నిన్నటి వింత. అది అలవాటు కావడానికి ఒక తరం పడుతుంది, అంతే.

భుజం దిగిన బరువు

గిటారిస్టులతో పోలిస్తే బేస్ గిటార్ వాయించేవాళ్లు కొత్తదనాన్ని త్వరగా ఒప్పుకుంటారని సంగీత ప్రపంచంలో పేరు. ఎందుకో చూద్దాం.

పాటలో అడుగున 'దుమ్‌దుమ్' మంటూ గుండెచప్పుడులా నడిచేది బేస్. ఇళయరాజా పాటల్ని చెవిపెట్టి వినండి, పైన గొంతు ఒక దారిలో పోతుంటే కింద బేస్ మరో దారిలో సొంతంగా పాడుతూ ఉంటుంది. ఒకప్పుడు ఈ పని చేసేది డబుల్ బేస్. అంటే మనిషి కంటే ఎత్తుండే వయొలిన్ అనుకోండి. దాన్ని మోయడానికే ఒక మనిషి కావాలి. పైగా మెట్లు లేవు, వేలు ఓ వెంట్రుకవాసి జరిగితే అపశ్రుతి. ఫెండర్ 1951లో దానికి మెట్లు పెట్టి, భుజానికి తగిలించుకునేలా చేశాడు. వేలు పెట్టిన చోట కచ్చితంగా స్వరం పలుకుతుంది కనుక 'ప్రెసిషన్' అని పేరు పెట్టాడు.

జాజ్ విద్వాంసులు మొదట మూతి ముడిచారు. ఆ ముడిచిన మూతుల మధ్యలోంచే ఒక ఇల్లాలు వచ్చి చరిత్ర సృష్టించింది. ఆమె పేరు కరోల్ కే. 1935లో పుట్టిన ఆమె పద్నాలుగేళ్లకే గిటార్ పాఠాలు చెబుతూ ఇల్లు నడపడంలో తల్లికి ఆసరా అయింది. 1963లో హాలీవుడ్‌లో ఓ రికార్డింగుకు బేస్ వాయించాల్సిన మనిషి రాలేదు. అక్కడే గిటార్ వాయిస్తున్న కరోల్ ఆ బేస్ అందుకుంది. అంతే, మళ్లీ దింపలేదు! రికార్డింగుకు నాలుగైదు రకాల గిటార్లు మోసుకెళ్లే కంటే ఒక్క బేస్ మోసుకెళ్లడం సుళువు అనేది ఆమె చెప్పిన కారణాల్లో ఒకటి. పిల్లల్ని పెంచుకుంటూ పొద్దుట్నుంచి రాత్రి దాకా స్టూడియోల చుట్టూ తిరిగే మనిషికి ఆ తేడా ఎంతో మనకు వేరే చెప్పాలా?

బీచ్ బాయ్స్ పాటల నుంచి 'మిషన్ ఇంపాజిబుల్' టీవీ సీరియల్ సంగీతం దాకా, ఆమె దాదాపు పదివేల రికార్డింగుల్లో వాయించి ఉంటుందని అంచనా. గది నిండా మగవాళ్లు, మధ్యలో ఆమె ఒక్కతే. 1969లో బేస్ ఎలా వాయించాలో పాఠ్యపుస్తకం రాసింది. 2025లో రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్ వాళ్లు గౌరవం ప్రకటిస్తే, "నాకొద్దు" అని తిప్పికొట్టింది తొంభై ఏళ్ల ఆ పెద్దావిడ!

బేస్‌కు వెనుక చరిత్ర తక్కువ. 'మా తాతగారు ఇలా వాయించేవారు' అని చెప్పుకోవడానికి తాతగారే లేరు. అందుకే ప్రయోగాలకు దారి సులువైంది. ఆంథొనీ జాక్సన్ 1975లో నాలుగు తీగల బదులు ఆరు తీగల బేస్ చేయించుకున్నాడు. జాకో పాస్టోరియస్ మెట్లు తీసేసిన బేస్‌కు పడవలకు పూసే ఎపాక్సీ పూత వేసి, దానితో పాట పాడించాడు. అలాగని అందరూ అంతేనా అంటే కాదు. మోటౌన్ పాటలకు ప్రాణం పోసిన జేమ్స్ జామర్సన్ తన బేస్ తీగల్ని మార్చడమే ఇష్టపడేవాడు కాదు. ఆవకాయ జాడీని కడగనివ్వని మామ్మగారిలా!

చీపురుకట్టా, మరమనిషీ

1980 ప్రాంతంలో నెడ్ స్టయిన్‌బర్గర్ అనే ఆయన ఓ వింత బేస్ తెచ్చాడు. ఆయనా సంగీతకారుడు కాదు, కుర్చీలు బల్లలు డిజైన్ చేసే మనిషి. మనిషి ఒంటికి ఏది హాయిగా ఉంటుందన్నది ఆయన వృత్తిలోనే ఉంది. గిటారుకు తల ఎందుకు? తీసేశాడు. తీగలు బిగించే మరల్ని కింది వైపుకు మార్చాడు. కొయ్య బదులు కార్బన్ ఫైబరు వాడాడు. ఎండకూ వానకూ వంగదు, ఉబ్బదు, శ్రుతి తప్పదు. చూడ్డానికి చీపురుకట్టలా ఉందన్నారు. అయినా కొన్నేళ్లు దాన్ని పట్టుకోని బ్యాండ్ లేదనిపించింది. ఆ తర్వాత ఫ్యాషన్ మారింది. పాత కొయ్య గిటార్ల మీద ప్రేమ పెరిగి తలలేని గిటార్లు అటకెక్కాయి. మళ్లీ 2010 దాటాక కొత్త తరం కుర్రాళ్లు వాటిని దింపి దుమ్ము దులిపారు. తేలికగా ఉండటం, భుజం లాగకపోవడం వాళ్లకు నచ్చింది.

గిబ్సన్ కంపెనీ చేసిన పని మరీ పాఠంలాంటిది. 2007లో తనంతట తానే శ్రుతి చేసుకునే 'రోబో గిటార్' తెచ్చింది. బిరడాలకు చిన్న చిన్న మోటార్లు, లోపల బ్యాటరీ. కావాలన్నవాళ్లు కొన్నారు, వద్దన్నవాళ్లు మానేశారు, గొడవ లేదు. 2015లో మాత్రం దాదాపు తన గిటార్లన్నిటికీ ఆ యంత్రాన్ని తప్పనిసరి చేసింది. మెడ వెడల్పు పెంచింది. ధరా పెంచింది. సంగీతకారులు మండిపడ్డారు. కొత్త గిటార్ కొని, ఆ యంత్రం ఊడబీకి, పాత మామూలు బిరడాలు బిగించుకున్నవాళ్లున్నారు! మరుసటి సంవత్సరమే కంపెనీ వెనక్కి తగ్గి, సంప్రదాయం కావాలన్నవాళ్లకు ఒక వరస, కొత్తదనం కావాలన్నవాళ్లకు మరో వరస పెట్టాల్సివచ్చింది.

ఇక్కడ గిటారిస్టుల్ని చాదస్తులనడం నాకు న్యాయంగా తోచదు. శ్రుతి చేసుకోవడం వాళ్లకు పనికిమాలిన చాకిరీ కాదు. కచేరీకి ముందు చెవినీ మనసునూ సిద్ధం చేసుకునే సమయమది. ఇల్లాలికి ఏ పని బరువో, ఏ పని ఇష్టమో ఆమెను అడగకుండా "నీకోసం కొన్నాను" అంటూ మొగుడుగారు తెచ్చే వస్తువులు ఎన్ని ఇళ్లల్లో మూలన పడిలేవు? కొత్తదాన్ని కాదనడానికీ, అడక్కుండా నెత్తిన రుద్దితే కాదనడానికీ తేడా ఉంది.

సొట్టలకు ఎక్కువ ధర

అయితే చాదస్తం అనక తప్పని సంగతులూ ఉన్నాయి. ఫెండర్ కంపెనీ 1995లో 'రెలిక్' అనే వరస మొదలుపెట్టింది. సరికొత్త గిటారుకు పనిగట్టుకుని రంగు రాలగొట్టి, గీతలు పెట్టి, ఇనప ముక్కలకు తుప్పు పట్టించి అమ్ముతారు. మామూలు కొత్త గిటార్ కంటే దీని ధర ఎక్కువ! సొట్టలు పడ్డ స్టీలు గిన్నె తీసుకెళ్లి ఎక్స్ఛేంజ్ ఇస్తామంటే ముఖం చిట్లించే ఈ లోకంలో, సొట్టలు పెట్టినందుకు అదనంగా డబ్బు తీసుకోవడం విచిత్రం కాదూ?

నిజంగా వాడి అరిగిన గిటార్ సంగతి వేరు. విల్లీ నెల్సన్ అనే అమెరికా గాయకుడు 1969 నుంచి ఒకే గిటార్ వాయిస్తున్నాడు. వేళ్ల రాపిడికి దాని పలకకు పెద్ద కన్నమే పడింది. క్వీన్ బ్యాండ్ గిటారిస్టు బ్రయన్ మే తన గిటార్‌ను 1963లో తండ్రితో కలిసి ఇంట్లోనే చేయడం మొదలుపెట్టాడు. మెడకు పాత చలిమంట గూటి చెక్క. మెట్ల మధ్య మెరిసే చుక్కలు వాళ్లమ్మ కుట్టుపెట్టెలోని ముత్యపుచిప్ప గుండీలు. తీగల్ని ఊపే కమ్మీ చివర ఆమె అల్లికసూది ముక్క! కొనే స్తోమత లేక చేసుకున్న కొత్త ప్రయోగం అది. ఆ గిటారునే దశాబ్దాలుగా వాయిస్తున్నాడు. అతని ప్రయోగమే అతని సంప్రదాయం అయింది. ఆ అరుగుదలలో ఒక జీవితం ఉంది. ఫ్యాక్టరీలో కొట్టిన సొట్టలో ఏముంది?

"పాత చెక్కకు ఆ నాదమే వేరు" అంటారు. చెవికి పరీక్ష పెడితే మాత్రం ఆ మాట నిలబడటం కష్టమే. 2012లోనూ 2014లోనూ ప్రకటించిన పరిశోధనల్లో, ప్రసిద్ధ వయొలిన్ విద్వాంసులకు చుట్టూ కనబడకుండా ముదురు కళ్లద్దాలు పెట్టి, మూడొందల ఏళ్ల నాటి ఇటలీ వయొలిన్లనూ కొత్తవాటినీ చేతికిచ్చారు. ఏది పాతదో కచ్చితంగా చెప్పలేకపోయారు సరికదా, ఎక్కువమంది కొత్తవాటినే మెచ్చారు. 2018లో ఇంగ్లండులో లాంకాస్టర్ విశ్వవిద్యాలయం వాళ్లు గిటారుకూ ఇలాంటి పరీక్షే చేశారు. వెనుక, పక్క పలకలకు మాత్రమే ఆరు రకాల చెక్కలు వాడి ఆరు గిటార్లు చేయించి, 52 మంది గిటారిస్టులకు చూడకుండా వాయించమని ఇచ్చారు. ఖరీదైన రోజ్‌వుడ్డుకూ చవక చెక్కకూ వాళ్లిచ్చిన మార్కుల్లో చెప్పుకోదగ్గ తేడానే లేదు. లెస్ పాల్ మాట మళ్లీ నిజమైంది.

పది చెట్లు కూల్చి ఒకటి ఏరుకుంటే

ఈ కంటి మోజుకు మూల్యం కట్టేది ఎవరనుకున్నారు? చెట్లు.

గిటార్ మెడ మీద వేళ్లు ఆనే పలకకు నల్లటి ఎబొనీ, లేదా రోజ్‌వుడ్ ఉండాలన్నది పాత పద్ధతి. ఆ రోజ్‌వుడ్‌లో పేరున్నది మన దక్షిణాది అడవులదే. తెలుగులో ఇరుగుడు, జిట్రేగి అంటాం. బ్రెజిల్ రోజ్‌వుడ్ అంతరించే స్థితికి రావడంతో 1992లో దాని వ్యాపారాన్ని ప్రపంచమంతా నిషేధించారు. అప్పటినుంచి అందరి చూపూ మన చెట్టు మీద మరింత పడింది. 2011లో అమెరికా ప్రభుత్వాధికారులు గిబ్సన్ ఫ్యాక్టరీల మీద దాడిచేసి పట్టుకున్న సరుకులో ఇండియా నుంచి వెళ్లిన రోజ్‌వుడ్, ఎబొనీ ముక్కలున్నాయి. 2012లో కంపెనీ జరిమానా కట్టి బయటపడింది. 2017 జనవరి నుంచి ప్రపంచంలోని రోజ్‌వుడ్ జాతులన్నిటి రవాణాకూ అనుమతి పత్రాలు తప్పనిసరి చేశారు. సంగీతకారులు తమ సొంత గిటార్లతో దేశాలు దాటడానికే భయపడ్డారు. చివరికి తయారైన వాయిద్యాలకు 2019లో మినహాయింపు ఇచ్చారు.

వీటన్నిటిలో నన్ను ఎక్కువగా కదిలించింది మాత్రం నల్లచెక్క కథ. టేలర్ గిటార్ల కంపెనీ 2011లో ఆఫ్రికాలోని కామెరూన్ దేశంలో ఎబొనీ కోత మిల్లు కొన్నది. యజమాని బాబ్ టేలర్ అక్కడికి వెళ్లి చూస్తే కళ్లు తిరిగాయట. కూల్చిన పది చెట్లలో ఒక్కటే నిగనిగలాడే నలుపు. మిగతా తొమ్మిదింట్లో లోపల గోధుమరంగు చారలుంటాయి. చారలుంటే ఎవరూ కొనరని, నరికిన చెట్టును అడవిలోనే వదిలేసి, మరో చెట్టు నరికేవారు. చారల చెక్క గట్టితనంలోగానీ నాదంలోగానీ తీసిపోదు. రంగు ఒక్కటే లోపం! పెళ్లిచూపుల్లో రంగు పేరుతో వంకలు విన్న దేశంలో పుట్టాం కదా, మనకు ఈ సంగతి ఇట్టే అర్థమవుతుంది. ఇక్కడ తెలుపు కావాలంటారు, అక్కడ నలుపు కావాలన్నారు. పిచ్చి ఒక్కటే. ఇకమీదట చారలున్న చెక్కా వాడతాం, సంగీతకారులు ఒప్పుకోవాలి అని బాబ్ టేలర్ బహిరంగంగా చెప్పాడు. మెల్లగా ఒప్పుకున్నారు కూడా. ఇప్పుడు ఆ చారలే అందం అనేవాళ్లున్నారు.

చేసేందుకు ఆడవాళ్లు... వాయించేందుకు?

గిటార్ తయారీలో ఆడవాళ్ల చేయి లేదనుకునేరు! రెండో ప్రపంచ యుద్ధంలో మగవాళ్లు సైన్యానికి వెళ్లిపోతే, కలమజూ పట్నంలోని గిబ్సన్ ఫ్యాక్టరీలో గిటార్లు చేసింది ఆడవాళ్లే. ఆ సంగతి కంపెనీ బయటికి చెప్పలేదు. 1944లో ఫ్యాక్టరీ ముందు నిలబడి ఆ కార్మికురాళ్లు తీయించుకున్న ఒక ఫొటో ఆధారంగా జాన్ థామస్ అనే లా ప్రొఫెసరు వాళ్లను వెదికి, బతికున్నవాళ్లతో మాట్లాడి పుస్తకం రాశాడు. అప్పటి గిటార్లంటే సంగీతకారులకు ఇప్పటికీ ప్రత్యేకమైన అభిమానం. ఫెండర్ కంపెనీలో అబిగైల్ ఇబారా అనే ఆవిడ 1956 నుంచి 2013లో రిటైరయ్యేదాకా పికప్‌లకు రాగితీగ చుట్టింది. ఆమె చుట్టిన పికప్ అంటే గిటారిస్టులు కళ్లకద్దుకుంటారు. వాళ్లు 'పాతకాలపు నాదం' అని కలవరించేది చాలావరకు ఆమెలాంటి ఆడవాళ్ల వేళ్ల నేర్పే!

మరి అవే గిటార్లు ఆడవాళ్ల ఒంటికి సరిపోయేలా చేశారా? లేదు. లెస్ పాల్ గిటార్ నాలుగు కిలోలు దాటి బరువుంటుంది. అది ఎడమ భుజానికి వేలాడేసుకుని రెండు గంటలు నిలబడాలి. దాని అంచు సరిగ్గా ఛాతీకి ఒరుసుకుంటుంది. మెడ మందం మగవాడి అరచేతి కొలత.

మా పక్కింటి అమ్మాయి ఇంజినీరింగ్ చదువుతోంది. బేస్ నేర్చుకోవాలని ఆశ. కిందటి నెల ముఖం వేలాడేసుకుని మా ఇంటికొచ్చింది. "ఏమ్మా, కొన్నావా?" అంటే, "లేదాంటీ. షాపులో నన్ను చూసి 'అమ్మాయిలకెందుకమ్మా అంత పెద్దది, యుకులేలీ తీసుకో, ముద్దుగా ఉంటుంది' అన్నారు. కొంచెం చిన్న మెడ ఉన్నది చూపించమంటే, 'అసలైన బేస్ అంటే ఇదే, నేర్చుకుంటే ఇదే నేర్చుకోవాలి' అన్నారు" అని వాపోయింది. చూశారా, ఒకే నోటితో రెండు మాటలు! నీకిది తగదు అంటారు, నీకు తగినట్టు మార్చం అంటారు.

మార్పు రావడం లేదా అంటే, వస్తోంది. 2000 సంవత్సరంలో టిష్ సిరవోలో అనే బేసిస్టు ఆడపిల్లల కోసమే 'డైసీ రాక్' అనే గిటార్లు మొదలుపెట్టింది. సన్నటి మెడ, తక్కువ బరువు, పువ్వు ఆకారం. పువ్వులూ గులాబీ రంగులూ ఎందుకని విసుక్కున్నవాళ్లూ లేకపోలేదు. 2016లో సెయింట్ విన్సెంట్ పేరుతో పాడే యానీ క్లార్క్ తన పేరిట ఒక గిటార్ డిజైన్ చేయించుకుంది. నడుం దగ్గర సన్నగా, తేలికగా, ఆడవాళ్ల ఛాతీకి చోటు ఉండేలా గీయించానని ఆమే చెప్పింది. తమాషా ఏమిటంటే మగ గిటారిస్టులూ దాన్ని ఇష్టపడి కొన్నారు. హాయిగా ఉంటే ఎవరికి చేదు? ఫెండర్ కంపెనీ 2018లో చెప్పిన లెక్క ప్రకారం అమెరికా, ఇంగ్లండుల్లో కొత్తగా గిటార్ పట్టేవాళ్లలో సగం మంది ఆడవాళ్లు. సగం మంది కొనేవాళ్లను కాదని ఏ కంపెనీ ఎన్నాళ్లు బతుకుతుంది?

వీణ నేర్పిన పాఠం

గిటార్ కొత్తదనంలో మన వీణకూ వాటా ఉందంటే గర్వంగా లేదూ? ఇంగ్లండు గిటారిస్టు జాన్ మెక్‌లాఫ్లిన్ అమెరికాలో వీణ నేర్చుకున్నాడు. వీణ మెట్ల మధ్య ఉండే లోతువల్లే తీగను లాగి గమకం పలికించగలుగుతాం. అది చూసి ఆయన తన గిటారుకు మెట్ల మధ్య చెక్కను గుల్లగా చెక్కించుకున్నాడు. పక్కన తంబురాలా మోగే తీగలు పెట్టించాడు. 1970ల్లో 'శక్తి' బృందంలో వాయించింది దానితోనే. అదే మెక్‌లాఫ్లిన్ తర్వాత 'రిమెంబర్ శక్తి' పేరుతో కచేరీలు చేసినప్పుడు పక్కన కూర్చుని వాయించింది మన పాలకొల్లు బిడ్డ మాండలిన్ శ్రీనివాస్. ఎనిమిది తీగల విదేశీ మాండలిన్‌ను అయిదు తీగల ఎలక్ట్రిక్ మాండలిన్‌గా మార్చుకుని, "దీని మీద త్యాగరాజ కీర్తనా!" అన్న పెద్దల చేతే శభాష్ అనిపించుకున్నాడు. 2014లో నలభై అయిదేళ్లకే వెళ్లిపోయాడు కానీ ఆ అయిదు తీగలు ఇప్పుడు సంప్రదాయం అయిపోయాయి. ఈ రోజు ముంబయి అమ్మాయి మోహినీ డే బేస్ గిటార్ మీద కొన్నక్కోల్ జతుల్ని పరుగులెత్తిస్తుంటే ప్రపంచం చెవులప్పగించి వింటోంది.

నన్నడిగితే, పాతదా కొత్తదా అన్న వాదన కంటే ముందు అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. ఆ సంప్రదాయాన్ని మోస్తున్న భుజం ఎవరిది? మోసేవాళ్లకు అది ఇష్టమైతే విల్లీ నెల్సన్ గిటారులా కన్నాలతో సహా ముద్దే. మోసేవాళ్ల భుజం నొప్పెడుతుంటే, చెట్టు కూలుతుంటే, "ఎప్పుడూ ఇంతేగా" అన్న మాట జవాబు కాదు. డెబ్బై ఏళ్ల కిందట అది కూడా ఎవరో నవ్విన కొత్త వస్తువే!

అమ్మాయికి గిటార్ కొంటున్నారా?

* ఏడెనిమిదేళ్ల పిల్లలకు సగం సైజు, ముప్పావు సైజు గిటార్లు దొరుకుతాయి. పెద్దది కొంటే పెరిగాక పనికొస్తుందిలే అనుకోవద్దు. చేయి అందక మానేస్తారు.
* మొదట నేర్చుకునేటప్పుడు నైలాన్ తీగలైతే వేళ్లకు మెత్తగా ఉంటాయి. స్టీలు తీగలకు కొద్ది వారాలు వేళ్లు మంట పుట్టి, తర్వాత గట్టిపడతాయి.
* స్టీలు తీగల గిటారులో పన్నెండో మెట్టు దగ్గర తీగ ఎత్తు మూడు మిల్లీమీటర్లు దాటితే నొక్కడం కష్టం. ఎత్తు తగ్గించి ఇమ్మని షాపులోనే అడగండి.
* బేస్‌లో తీగ పొడవు మామూలుగా 34 అంగుళాలు. 30 అంగుళాల 'షార్ట్ స్కేల్' బేస్‌లూ ఉన్నాయి. అవేమీ బొమ్మలు కావు. బీటిల్స్‌లో పాల్ మెకార్ట్‌నీ పట్టుకున్న వయొలిన్ ఆకారపు బేస్ ఆ కొలతదే.
* కూర్చుని, నిలబడి, కనీసం పది నిమిషాలు భుజానికి తగిలించుకుని చూడమనండి. పట్టీ వెడల్పుగా ఉంటే బరువు తెలియదు.
* ఎండలో ఆగిన కారులో, కిటికీ పక్కన గిటార్ వదలొద్దు. మన వేసవికి జిగురు వదిలి చెక్క లేస్తుంది.
* అమ్మాయిని వెంట తీసుకెళ్లండి. వాయించేది ఆమె, ఎంచుకోవాల్సిందీ ఆమే!